వైజాగ్ మారుతి 800 కొనాలా, అనంతపురం మారుతి 800 కొనాలా? తుప్పు, ఎండ దెబ్బ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

భీమవరం టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. భీమవరంలో స్కూల్ టీచర్ని. నలభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను, లైసెన్స్ వచ్చి ఐదు నెలలైంది. మావారి కారు నన్ను ముట్టుకోనివ్వరు. దాని మీద గీత పడితే ఆయనకి రెండు రోజులు అన్నం సహించదు. అందుకని నాకంటూ ఒక పాత మారుతి 800 కొనుక్కుందామని చూస్తున్నాను. ఇంటికీ స్కూలుకీ 11 కిలోమీటర్లు. బడ్జెట్ లక్ష లోపు. రెండు కార్లు చివరికి మిగిలాయి.

మొదటిది వైజాగ్ పెద్ద వాల్తేరులో. ఏపీ 31 నంబరు, 2008 మోడల్, సిల్వర్. ఒకే ఓనరు, 61 వేల కిలోమీటర్లు, 95 వేలు చెబుతున్నారు. ఫోటోల్లో అద్దంలా ఉంది. పోయిన నెలే మొత్తం పెయింట్ వేయించి, కింద తుప్పు పట్టకుండా అండర్ కోటింగ్ కూడా కొట్టించారట. ఫోటో పెద్దది చేసి చూస్తే డ్రైవర్ డోరు కింది అంచున నాలుగైదు చోట్ల ఆవగింజంత బుడగలు కనిపించాయి. అడిగితే "పెయింట్‌లో దుమ్ము పడింది మేడమ్" అన్నారు.

రెండోది అనంతపురంలో. ఏపీ 02, అదీ 2008 మోడలే. ఒకప్పుడు ఎరుపు. ఇప్పుడు బానెట్, టాపు వెలిసిపోయి ఏ రంగో చెప్పలేని రంగులో ఉన్నాయి, చాక్‌పీసు పొడి రాసినట్టు. డ్యాష్‌బోర్డు అద్దం దాకా పగిలింది. వెనక సీటు కుట్లు విడిపోయి స్పాంజి బయటకి వచ్చింది. 88 వేల కిలోమీటర్లు, 62 వేలు.

రెండింటికీ ఆర్‌సీ రెన్యువల్ అయింది, 2028 దాకా ఉంది. రాష్ట్రం ఒకటే కాబట్టి ఎన్ఓసీ గొడవ లేదు. మావారు ఫోటోలు చూసి "ఇందులో అడగడానికేముంది, వైజాగ్‌దే" అన్నారు. మా తమ్ముడేమో "అక్కా, సముద్రం పక్కన ఉన్న కారు వద్దు" అంటాడు, ఎందుకంటే మాత్రం చెప్పడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

బెజవాడ ఆటోనగర్ వాసి

ఈ రెండింటి సంగతి పెద్దవాళ్లు చెబుతారు. నాది ఒక్కటే మాట. మూడో కారంటూ మా విజయవాడది ఎవరైనా చవగ్గా చూపిస్తే తొందరపడొద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని కడిగించుకుని ఊళ్లు తిరుగుతున్నాయి. సీటు బెల్టు చివరంటా లాగి చూడండి. ఎవరూ లాగని ఆ చివరి జానెడు మీద బురద చార ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆల్టో అభిమాని

రెండూ వద్దు మేడమ్. ఇంకో 40 వేలు వేసి ఆల్టో కొనండి.

భీమవరం టీచర్

ఇంకో 40 వేలు ఉంటే మావారి కారుకి గీత పెట్టి బాగు చేయించి ఇస్తానండీ.

వైజాగ్ పాత సర్వేయర్

అమ్మా, నేను వైజాగ్‌లోనే ఉంటాను. 28 ఏళ్లు మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా చేశాను. గుద్దుకున్నవి, కాలినవి, మునిగినవి చూసి నష్టం లెక్క రాయడమే నా పని. కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ఫోటోల్లో మీకు బాగున్న కారే నాకు భయం వేయిస్తోంది.

800కి లారీలాగా కింద విడిగా చాసిస్ ఉండదు. పల్చటి రేకుల్ని మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, చుక్క చుక్కగా వెల్డింగ్ చేసి కట్టిన పెట్టె అది. ఇంజన్, సస్పెన్షన్, సీట్లు, సీట్లో మీరు, అందరినీ మోసేది ఆ పెట్టే. ఎండ దాని జోలికి రాదు. రంగు, రబ్బరు, ప్లాస్టిక్, సీటు గుడ్డ, వీటిని తింటుంది. అవన్నీ విప్పి మార్చుకునేవి. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా సామాన్లకి ఇప్పటికీ కరువు లేదు. డ్యాష్‌బోర్డు కావాలంటే ఏ ఆటోనగర్ స్క్రాప్ షాపుకి వెళ్లినా బేరమాడి తెచ్చుకోవచ్చు. తుప్పు తినేది ఆ పెట్టెని. దాన్ని ఏ షాపులోనూ అమ్మరు.

ఇప్పుడు మీ బుడగల సంగతి. ఇనుము తుప్పుగా మారితే మునుపటి కన్నా కొన్ని రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బే రంగుని పైకి తోస్తుంది. డోరు కింది అంచు అంటే బయటి రేకుని లోపలి రేకు మీదకి మడిచి నొక్కిన చోటు. అద్దం పక్క నుంచి దిగిన వాన నీళ్లు డోరు అడుగున ఉండే కన్నాల్లోంచి పోవాలి. ఆ కన్నాలు మట్టితో మూసుకుపోతే నీళ్లు ఆ మడతలోనే కాపురం పెడతాయి. బయట ఆవగింజ కనిపించే వేళకి లోపల మడత చాలావరకు పోయి ఉంటుంది. అదీ నెల కిందట పెయింట్ వేసిన కారులో అప్పుడే బుడగ లేచిందంటే, తుప్పు గీకకుండా దాని మీదే రంగు కొట్టారన్నమాట. దుమ్ము పడితే గరుకుగా ఉంటుంది గానీ బుడగ రాదు. ఈసారి అన్నప్పుడు గోరుతో నొక్కి చూడండి.

అండర్ కోటింగ్ గురించి కూడా. కొత్త కారుకి కొడితే మంచిదే. పద్దెనిమిదేళ్ల కారుకి, అదీ అమ్మే ముందు నెలలో ఎందుకు కొట్టించారు? కిందకి వంగి చూడండి. నట్లు, బోల్టులు, సైలెన్సర్ క్లాంపులు, అన్నీ ఒకే నలుపులో మునిగి ఉంటే ఆ నలుపు వేసింది కారు కోసం కాదు, మీ కోసం. దాని కింద తడి చిక్కుకుంటే తుప్పు ఇంకా హాయిగా పని చేసుకుంటుంది.

మీ తమ్ముడు చెప్పని "ఎందుకు" ఇదీ. వానకి తడిసిన కారు ఎండ రాగానే ఆరిపోతుంది. ఉప్పు పట్టిన కారు అంత తేలిగ్గా ఆరదు. శ్రావణ మాసంలో మీ వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూస్తారుగా, అదే. గాల్లోంచి వచ్చిన ఉప్పు రేకు సందుల్లో కూర్చుని తేమని లాక్కుంటూ ఉంటుంది. తుప్పు పట్టడమంటే రేకు మీద బుల్లి బుల్లి బ్యాటరీలు నడవడం లాంటిది. వాటికి ఉప్పు నీళ్ల కన్నా మంచి మేత లేదు. మా బీచ్ రోడ్డులో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఉంది, చూసే ఉంటారు. సముద్రంలో మునగడానికే పుట్టిన దానికే ఈ గాలికి ఎప్పటికప్పుడు రంగులూ రిపేర్లూ తప్పడం లేదు. మారుతి రేకు ఎంత?

పైగా 2008 వైజాగ్ కారు అంటే హుద్‌హుద్ తుఫానుని చూసిన కారు. 2014 అక్టోబర్ 12. ఆ తర్వాత మూడు నెలలు నేను ఇంట్లో అన్నం తిన్నది తక్కువ. చెట్టు పడి టాపు నొక్కుకుపోయినవి, అద్దాలు పగిలి రాత్రంతా వాన లోపలికి కొట్టినవి. పైకి బాగు చేశారు, కార్పెట్ కింద దళసరి ఫెల్టు తీసి ఆరబెట్టినవాళ్లు ఎంతమంది? "ఆ రోజు ఈ కారు ఎక్కడుందండీ?" అని ఓనరుని అడగండి. జవాబు కన్నా జవాబు చెప్పడానికి పట్టే టైం చూడండి.

ఇంత చెబుతున్నానని నేనేదో మొనగాణ్ణనుకోకండి. 2011లో గోపాలపట్నం దగ్గర ఒకాయన వద్ద 1999 ఎస్టీమ్ కొన్నాను, లక్షా పది వేలకి. సాయంత్రం పూట చూశాను. అదే మొదటి తప్పు. నల్లగా నిగనిగలాడుతోంది, ఏసీ చల్లగా ఉంది, మనసు పడ్డాను. వారం తర్వాత తగరపువలస దగ్గర పంక్చర్. రన్నింగ్ బోర్డు, అంటే డోర్ల కింద పొడవునా ఉండే అంచు, దాని కింద జాకీ పెట్టి తిప్పుతున్నాను. అప్పడం విరిగిన చప్పుడు వచ్చింది. కారు లేవలేదు, జాకీ తలకాయే కారులోకి దూరింది. చెయ్యి పెట్టి చూస్తే పెచ్చులు పెచ్చులుగా పుట్టీ, దాని వెనక ఉండచుట్టి కుక్కిన తెలుగు పేపరు. పేపరు తీసి సాపు చేస్తే సగం గళ్లనుడికట్టు. ఎవరో నాలుగు గళ్లు నింపారు కూడా. టింకరింగ్‌కి 38 వేలు, షెడ్డులో రెండు నెలలు. రెండేళ్లకి మళ్లీ అదే చోట పొంగింది. ఎందుకంటే గ్యాస్ వెల్డింగ్ పెట్టిన చోట లోపలి వైపు రంగు కాలిపోతుంది, అక్కడికి మళ్లీ రంగు వేయడానికి బ్రష్ వెళ్లదు. తుప్పు ఒకసారి కోసి అతికించారంటే అది మళ్లీ వస్తుందనే లెక్కలో కొనాలి.

చూసేటప్పుడు పొద్దున పూట, ఆరిన కారు చూడండి. కడిగి తడితో నిలబెట్టిన కారు మీద అన్ని రంగులూ బాగుంటాయి. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి, పల్చటి గుడ్డ ఒకటి పట్టుకెళ్లండి. గుడ్డ మీద అయస్కాంతం పెట్టి డోరు అంచులు, చక్రాల చుట్టూ, రన్నింగ్ బోర్డు పొడవునా జరపండి. పుట్టీ ఉన్న చోట పట్టు వదిలేస్తుంది. డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్, కార్పెట్ ఎత్తి నేల చూడాలి, ఎత్తనివ్వకపోతే బేరమే వద్దు. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూడండి. బ్యాటరీ కింద చూడండి. వెనక సస్పెన్షన్ బిగించిన చోట స్క్రూ డ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు మోగుతుంది, పోయిన రేకు "బద్" మంటుంది.

ఒకటి మర్చిపోయేవాణ్ణి. చాసిస్ నంబరు చెక్కిన చోటు చూడండి. 2028లో రెన్యువల్‌కి వెళితే దాని మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ముద్ర తియ్యాల్సి రావచ్చు. అక్షరాలు తుప్పులో కలిసిపోతే ఆ రోజు ఆఫీసు చుట్టూ మీరే తిరగాలి. అప్పటికి కారుకి ఇరవై ఏళ్లు దాటతాయి, 2025లో పెంచిన లెక్క ప్రకారం ఫీజే పది వేలు. ఇదీ బేరంలో వేసుకోండి, రెండు కార్లకీ.

అనంతపురం మెకానిక్

అక్కా, సర్వేయర్ సార్ చెప్పింది నిజమే. అయితే మా ఊరి కార్లని మరీ నెత్తిన పెట్టుకోవద్దు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ షెడ్డు నడుపుతున్నా.

ఎండ పెయింటునే కాదు, రబ్బరు అనేది ఎక్కడున్నా తింటుంది. డోరు బీడింగ్ వేలితో నొక్కు. మెత్తగా లోపలికి పోయి మళ్లీ రావాల. ఎండిన కొబ్బరి మట్టలాగుంటే మార్చాల్సిందే. లేకపోతే మీ వైపు మొదటి వానకే నీళ్లు లోపలికొచ్చి, ఇన్నాళ్లూ బాగున్న నేల నీ దగ్గర తుప్పు పడుతుంది. టైర్లకి గుండీలు బాగున్నాయని మురిసిపోవద్దు. పక్కన గుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలుంటాయి. 3215 అని ఉంటే 2015లో 32వ వారం చేసిన టైరు. మా ఎండకి అట్లాంటివి పక్కల్లో పగుళ్లిచ్చి ఉంటాయి, హైవేలో పేల్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం పెట్రోలు పైపు. ఇంజన్ వేడి, పైన మా ఎండ, రెండూ కలిసి పదేళ్లకే రబ్బరు పెళుసెక్కుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2008లో వేసిన రబ్బరు దాని కోసం చేసింది కాదు. ఈ20కి పనికొచ్చే పైపు మీటర్ల లెక్కన దొరుకుతుంది, క్లాంపులతో సహా పెద్ద ఖర్చేం కాదు. కారు కదిలించే ముందు మార్పించు.

ఇంకోటి, ఇది మా వాళ్ల తప్పు. రేడియేటర్లో కూలెంట్ పోయరు, బోరు నీళ్లు పోస్తారు. మా బోరు నీళ్లలో లవణాలెక్కువ, గిన్నెల్లో తెల్లగా పెచ్చు కడుతుంది. అదే పెచ్చు రేడియేటర్లో కడుతుంది, నీళ్ల దారిలో ఇనుము ఉన్న చోటల్లా తుప్పు పడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి వేలు పెట్టి చూడు. పచ్చగానో నీలంగానో ఉంటే మంచిది. టీ రంగు వస్తే, ఎండ ఊరి కారుకి కూడా తుప్పుందన్న మాట, కాకపోతే కడుపులో.

పెయింటు గురించి భయపడొద్దు. తెల్ల గుడ్డ తడిపి బానెట్ మీద గట్టిగా రుద్దు. గుడ్డకి ఎరుపంటితే పైన అద్దం లాంటి పొర, అదే క్లియర్ కోటు, లేని రంగు, ఎండకి పై పొర పొడైపోయింది. రబ్బింగ్ పెడితే అడుగున రంగు మిగిలి ఉంటే మళ్లీ తేలుతుంది. డోరు తీసి లోపలి స్తంభం చూడు. అక్కడ ఎండ తగలదు కాబట్టి పుట్టినప్పటి ఎరుపు ఉంటుంది. లోపల ఎరుపు, బయట రోజా అంటే ఎవరూ తాకని కారు. లోపలా బయటా ఒకే మెరుపుంటే అప్పుడు అనుమానపడాల.

డెట్రాయిట్ పక్కన ఉండే గుంటూరోడు

మా దగ్గర సముద్రం లేదు, ఉప్పుని లారీలతో తెచ్చి రోడ్డు మీద పోస్తారు, మంచు కరగడానికి. పధ్నాలుగేళ్లుగా మిషిగన్‌లో ఉంటున్నాను. నాది 2009 కరోలా. పైకి బంగారంలా ఉండేది, వారం వారం కడిగేవాణ్ణి, పైన మాత్రమే. ఒక జనవరిలో సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ నేల దాకా పోయింది. ఇనుప బ్రేకు పైపు ఒకటి తుప్పుకి చిల్లు పడింది. హ్యాండ్ బ్రేకు లాగి బతికాను. ముందున్నది స్కూలు బస్సు.

కాబట్టి టీచర్ గారూ, కిందకి వంగినప్పుడు రేకుతో పాటు సన్నటి బ్రేకు పైపులు కూడా చూడండి. వాటి మీద నల్ల కోటింగ్ పూసి ఉంటే చూడటం కుదరదు, అదే ఇంకా భయం.

దాని తర్వాత కావాలనే ఆరిజోనా నుంచి ఒక కామ్రీ తెచ్చుకున్నాను. డ్యాష్‌బోర్డు మీద ఎండిన చెరువులా పగుళ్లు, హెడ్‌లైట్లు పసుపు. కానీ కింద ప్రతి బోల్టూ పానా పెడితే తిరిగింది. మా మెకానిక్ దాని కింద పడుకుని ఫోటోలు తీసుకున్నాడు.

భీమవరం టీచర్

వైజాగ్ వెళ్లొచ్చానండీ. మావారు కూడా వచ్చారు, తన మాటే నిజమని చూపించడానికి.

అయస్కాంతం తిరుపతి నుంచి తెచ్చినది, వేంకటేశ్వర స్వామి బొమ్మది. బానెట్ మీద అతుక్కుంది, టాపు మీద అతుక్కుంది. డ్రైవర్ వైపు రన్నింగ్ బోర్డు మీద పెట్టి చెయ్యి తీశాను. స్వామివారు జారి కింద పడ్డారు. ఇంకో జానెడు జరిపి పెట్టాను, మళ్లీ పడ్డారు. ఓనరు గారు "అక్కడ ఫైబర్ మేడమ్" అన్నారు. మావారు అప్పటిదాకా ఆయన పక్షమే. "800కి ఫైబర్ రన్నింగ్ బోర్డు ఏంటండీ?" అని మొదటిసారి నోరు విప్పారు.

కార్పెట్ ఎత్తబోతే జిగురుతో అంటించి ఉంది. హుద్‌హుద్ గురించి అడిగాను. సర్వేయర్ గారు చెప్పినట్టే టైం చూశాను. ఆయన ముందు వాళ్ల ఆవిడ వైపు చూశారు, తర్వాత "మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉందండీ" అన్నారు. ఎక్కడుందో చెప్పారు, ఎలా ఉందో చెప్పలేదు. కాఫీ తాగి వచ్చేశాం. కాఫీ మాత్రం బాగుంది.

వచ్చే శనివారం అనంతపురం.

వైజాగ్ పాత సర్వేయర్

మంచి పని చేశారమ్మా. అనంతపురం కారుకి ఏపీ 02 నంబరుందని అది పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉందని అనుకోకండి. నంబరు రిజిస్టర్ అయిన చోటు చెబుతుంది, బతికిన చోటు చెప్పదు. ఓనరు ఉద్యోగం ఏంటో, బదిలీలు ఎక్కడెక్కడో మాటల్లో పెట్టి అడగండి. సర్వీసు పుస్తకం ఉంటే స్టాంపుల మీద ఊళ్లు చూడండి. నచ్చితే పెట్రోలు పైపు అక్కడే మార్పించి బయల్దేరండి. ఆ మెకానిక్ తమ్ముడు చెప్పింది మామూలు మాట కాదు.

భీమవరం టీచర్

కొన్నాను! 56 వేలకి.

ఓనరు గారు రిటైరైన ఆర్టీసీ ఉద్యోగి. సర్వీసు పుస్తకంలో స్టాంపులన్నీ అనంతపురం, ధర్మవరం. గుడ్డ తడిపి రుద్దితే పారాణి అంటినట్టు ఎర్రగా అయింది. డోరు తీస్తే స్తంభం లోపల ఎరుపు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. మిరపపండు రంగు. ఈ కారు ఇంత ఎర్రగా ఉండేదా అనిపించింది. కార్పెట్ ఎత్తితే ఎర్రమట్టి, రెండు వేరుశెనగ కాయలు, ఒక రూపాయి బిళ్ల. కింద రేకు మీద కంపెనీ రంగు అలాగే ఉంది, గోరుతో గీకినా రాలేదు. అయస్కాంతం ఎక్కడా జారలేదు. రేడియేటర్ మూత తీసి వేలు పెట్టాను, టీ రంగు కొద్దిగా వచ్చింది. దానికే ఆరు వేలు తగ్గించారు.

ఇప్పుడు తిట్లు తినే సంగతి. పెట్రోలు పైపు మార్పించలేదు. ఆ రోజు ఆదివారం, షాపు మూసి ఉంది. మెకానిక్ తమ్ముడు పెళ్లికి వెళ్లాడట. "ఇంతవరకూ నడిచింది కదా" అనుకుని తాడిపత్రి మీదుగా బయల్దేరాం, మా తమ్ముడు నడుపుతుంటే నేను పక్కన. ఏసీ లేదు, అద్దాలు దించేసి ఉన్నాం కాబట్టి మొదట వాసన తెలియలేదు. కంభం దాటాక టీ కోసం ఆగినప్పుడు గుప్పుమంది. బానెట్ ఎత్తితే పైపు మెలిక తిరిగే చోట అంగుళం పగులు, చుక్క చుక్కగా కారుతోంది, వేడి ఇంజన్‌కి రెండు జానల దూరంలో. టీ కొట్టు ఆయన పొయ్యి ఆర్పేశాడు, మాకన్నా ముందు. పక్క ఊళ్లో బైకు మెకానిక్‌ని పిలుచుకొచ్చి పైపు వేయించేసరికి మూడు గంటలు. మా తమ్ముడు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

అనంతపురం మెకానిక్

అక్కా, పెళ్లి మా చెల్లిదే, లేకపోతే ఆదివారమైనా షెడ్డు తీసేవాణ్ణి. ఆ బైకు మెకానిక్ వేసింది ఏ పైపో చూసి మళ్లీ మంచిది వేయించు. వెనక ట్యాంకు దగ్గర ఇంకో ముక్క ఉంటుంది, అది కూడా. ముందర పోయిందంటే వెనకదీ అదే వయసు. రేడియేటర్ కడిగించి కూలెంట్ పోయించు. డ్యాష్‌బోర్డు ఇప్పుడే మార్చొద్దు, డబ్బులు దండగ, ముందు బీడింగులు.

వైజాగ్ పాత సర్వేయర్

తిట్టను. టీ కొట్టు ఆయన తిట్టే ఉంటాడు.

ఇకనుంచి ఆ కారు ఉండేది భీమవరంలో అని గుర్తు పెట్టుకోండి. ఎండలో ఎండిన కారు ఇప్పుడు తడి ఊరికి వచ్చింది. మీకు సముద్రం ఎంతో దూరం లేదు, చుట్టూ చేపల చెరువులు. పై రంగు పొడైపోయిన చోట తడిని ఆపేది పల్చటి పొరే. కాబట్టి వానల్లోపు రబ్బింగ్ పెట్టించి మైనం పాలిష్ వేయించండి. మొత్తం పెయింట్ ఇప్పుడొద్దు. బాగున్న కంపెనీ రంగుని గీకించి షెడ్డు రంగు వేయించడం నాకు నచ్చదు. కిందా, డోర్ల లోపలా మైనం లాంటి తుప్పు మందు కొట్టే చోట్లు ఉంటాయి, తారు లాంటిది కాదు. శుభ్రమైన రేకు మీద ఇప్పుడు కొట్టించుకుంటే పనికొస్తుంది. డోర్ల అడుగున కన్నాలు నెలకోసారి జడపిన్నుతో పొడవండి.

భీమవరం టీచర్

జడపిన్ను పని మా పదో తరగతి పిల్లకి అప్పజెప్పాను. ఆఖరి డౌటండీ. కారు వస్తోందని మావారు ముందే మంచి ప్లాస్టిక్ కవరు కొన్నారు, 1,400. అనంతపురం ఓనరు గారు కూడా "కవరు కప్పి ఉంచితే రంగు ఇలా అయ్యేది కాదమ్మా" అని బాధపడ్డారు. మాకు గేటు లోపల రేకుల షెడ్డు ఉంది, పక్కలు ఖాళీ. కప్పమంటారా?

వైజాగ్ పాత సర్వేయర్

అనంతపురంలో కప్పాల్సింది. భీమవరంలో వద్దు. రాత్రి కారిన మంచు, గాల్లో చెమ్మ, అన్నీ ఆ ప్లాస్టిక్ కింద చేరి పొద్దున ఎండకి ఉడుకుతాయి. ఇడ్లీ పాత్రలో కారు పెట్టినట్టు. నేను సర్వే చేసిన వాటిల్లో పైనంతా పొంగిపోయిన కార్లు కొన్ని కవరు కప్పుకున్నవే. మీ రేకుల షెడ్డు చాలు, గాలి ఆడనివ్వండి.

ఆ కవరు మీవారి కారుకి కప్పమనండి. గీతలు పడవు.